మేష్టార్ని అడగండి: లిస్టులో పేరు, లైన్లో మనిషి

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి చూస్తే సగానికి పైగా ఓటు గురించే ఉన్నాయి. లిస్టులో పేరు లేదని ఒకరు, పేరుంది గానీ ఊళ్ళో మనం లేమని ఇంకొకరు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎలక్షన్‌కీ ముందు బ్యాలెట్ పెట్టెలు, తర్వాత మిషన్లు మోసినోణ్ణి, అంచేత మిగతా ప్రశ్నలన్నీ పక్కనెట్టి ఈ వారం ఇవే తీసుకున్నాను. మోకాళ్ళ నొప్పులకి ఏ నూనె రాయాలని అడిగిన రాజాం అమ్మగారు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేష్టారూ, మాది కవిటి దగ్గర పల్లె. నేనూ మా ఆవిడా ఎనిమిదేళ్ళ బట్టి హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నాం. 2024లో ఓటుకి రావాలనే అనుకున్నాం, ట్రైన్లో కాలు పెట్టడానికి చోటు లేదు, ప్రైవేటు బస్సు వాళ్ళు చెప్పిన రేటుకి గుండె ఆగిపోయింది. రాలేదు. ఇప్పుడేమో ఊళ్ళో లేనోళ్ళ పేర్లు తీసేస్తారంటున్నారు. ఊళ్ళో నాకు సొంతిల్లు ఉంది కదా, ఎలా తీస్తారు? పోనీ రెండు చోట్లా ఓటు ఉంచుకుంటే ఏటవుద్ది?
(ఉద్దానం కుర్రాడు, కూకట్‌పల్లి నుంచి)

జవాబు: బావూ, నువ్వు ఒకటడిగాననుకున్నావు గానీ ఇందులో మూడున్నాయి, విడదీసి చెప్తాను.

సొంతిల్లు మాట ముందు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20వ సెక్షన్ అని ఉంది, ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి ఓటరువి అయిపోవు అని అందులో స్పష్టంగా రాసుంది. కంగారు పడకు, అదే సెక్షన్‌లో నీకు పనికొచ్చే ముక్క కూడా ఉంది. తాత్కాలికంగా ఊరొదిలి వెళ్ళినంత మాత్రాన ఓటు పోదు. మరి ఎనిమిదేళ్ళు తాత్కాలికమా శాశ్వతమా అంటే ఆ చట్టంలో ఇన్నేళ్ళని లెక్క లేదు. మీ రేషన్ కార్డు ఎక్కడుంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, అమ్మానాన్నా ఎక్కడున్నారు, పనుల్లేనప్పుడు ఎక్కడికొస్తారు, ఇవన్నీ చూస్తారు, చూడాలి. వేరావల్ బోట్ల మీదకి వెళ్ళే మన మత్స్యకారుల సంగతే చూడు, ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోనే ఉంటారు, అంతమాత్రాన వాళ్ళు గుజరాతీలు అయిపోతారా.

తీసెయ్యాలన్నా ఊరికే గీత కొట్టెయ్యడానికి లేదు. ముందు నోటీసివ్వాలి, నీ మాట వినాలి. విన్నాక కూడా తీసేస్తే 15 రోజుల్లో కలెక్టర్ దగ్గర అప్పీలు, అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి దగ్గర ఇంకో అప్పీలు. కాయితం మీద బాగానే ఉంది. కానీ ఆ నోటీసు మీ పల్లెలో తాళమేసిన గుమ్మానికి అతికించి వెళ్ళిపోతే నువ్వు కూకట్‌పల్లిలో సెంట్రింగ్ కొడుతూ ఉంటావు, 15 రోజులు గడిచాయన్న సంగతి 16వ రోజుక్కూడా నీకు తెలీదు. అందుకే రెండు మూడు నెలలకోసారి ఎలక్షన్ కమిషన్ వాళ్ళ యాప్‌లో పేరు వెతుక్కో, లేదంటే 1950కి ఫోన్ చెయ్యి. ఊళ్ళో ఓటర్ల లిస్టు చూసే బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసర్) ఎవరో కనుక్కుని, ఆవిడ నంబరు నీ దగ్గర ఉంచుకో.

రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం వద్దు బావూ. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలని చట్టం. మనసు హైదరాబాద్‌లోనే స్థిరపడింది అనుకుంటే ఫారం 8 పెట్టి మార్పించుకో, లేదంటే ఊళ్ళోనే ఉంచుకుని వచ్చి వెయ్యి.

"వచ్చి వెయ్యి" అని రాయడం నాకు తేలికే. పోలింగ్ రోజు జీతంతో సెలవు ఇవ్వాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది, అది రోజుకూలీలకి కూడా వర్తిస్తుంది, ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా, 500 రూపాయల దాకా. ఏ మేస్త్రీ భయపడతాడు దానికి? రోజుకి 800 కూలీ అనుకుంటే మీ ఇద్దరికీ రానూ పోనూ మూడు రోజుల పని పోయి 4800, దాని మీద టికెట్లు. ఎవరూ నిన్ను ఓటెయ్యొద్దు అనలేదు. కానీ అంత ఖర్చు పెట్టుకుని ఓటేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? నా లెక్కలో ఇది కూడా ఆంక్షే, చట్టంలో దీనికి నంబరు లేదంతే.

2022 డిసెంబర్లో ఎలక్షన్ కమిషన్ ఒక కొత్త మిషన్ చూపించింది, ఉన్న ఊళ్ళోంచే సొంతూరి ఓటు వేసుకోవచ్చు, ఒక్క మిషన్ మీద 72 నియోజకవర్గాల దాకా సర్దొచ్చు అని. 2019లో 30 కోట్ల పైచిలుకు మంది ఓటే వెయ్యలేదు, అందులో వలస పోయినోళ్ళు చాలామంది, అది చూసే ఈ ఆలోచన. 2023 జనవరిలో పార్టీలని పిలిచారు, ప్రతిపక్షాలు చాలావరకు వద్దన్నాయి. నమ్మకం కుదరలేదు వాళ్ళకి, ఏజెంట్లని ఎక్కడ పెట్టాలి, ఎన్నికల కోడ్ ఎవరు చూడాలి, న్యాయమైన ప్రశ్నలే అవి. అయితే మిషన్ మూలన పడింది, నువ్వు మాత్రం జనరల్ బోగీలో పలాస దాకా నిలబడే రావాలి.

ప్రశ్న: సార్, పోలింగ్ శాతం పెరిగింది అంటే జనంలో చైతన్యం పెరిగినట్టే కదా. మా లెక్చరర్ అలా అనుకోడానికి లేదన్నారు, ఎందుకో చెప్పకుండానే బెల్ కొట్టేశారు.
(డిగ్రీ సెకండియర్, విజయనగరం)

జవాబు: మీ లెక్చరర్ గారి మాటే కరెక్టు. శాతం అంటే పైనొక అంకె కింద ఒక అంకె. అందరూ పైదాన్నే చూస్తారు గానీ కిందది ఎలా తయారైందో ఎవరూ అడగరు.

ఒక ఊరి లిస్టులో 1000 పేర్లున్నాయి అనుకో. అందులో 50 మంది చనిపోయారు, 200 మంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిపోయారు. 600 మంది వచ్చి ఓటేశారు, 60 శాతం. పేపర్లో "ఓటర్ల నిరాసక్తత" అని హెడ్డింగ్ వస్తుంది. తర్వాత లిస్టు శుభ్రం చేశారు, ఆ 250 పేర్లూ పోయి 750 మిగిలాయి, అదే 600 మంది మళ్ళీ వచ్చి వేశారు, ఇప్పుడు 80 శాతం. "వెల్లివిరిసిన చైతన్యం". ఒక్క మనిషి కూడా కొత్తగా రాలేదు చూడు.

ఇప్పుడు అసలు తిరకాసు. అదే శుభ్రం చేసేటప్పుడు ఊళ్ళో బతికున్న 40 మంది పేర్లు కూడా పొరపాటునో, కావాలనో తీసేశారు అనుకుందాం. అందులో 30 మంది తప్పకుండా వచ్చి వేసేవాళ్ళే. లిస్టు 710, ఓట్లు 570. భాగించి చూడు, 80.3 శాతం. ముప్పై మందిని గుమ్మంలోంచి వెనక్కి పంపేసినా శాతం పెరిగింది! నేను మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు తప్పు చేశానేమో అని రెండుసార్లు చూసుకున్నాను.

బీహార్‌లో 2025లో ఓటర్ల లిస్టు సవరించినప్పుడు జరిగింది నీకు తెలిసే ఉంటుంది. 7.89 కోట్ల పేర్లలో డ్రాఫ్టు లిస్టు వచ్చేసరికి 65 లక్షలు పోయాయి, ఎవరి పేరు ఎందుకు తీశారో కారణంతో సహా బయటపెట్టమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, చివరికి 7.42 కోట్లు తేలాయి. ఆ తర్వాత పోలింగ్ 67 శాతం దగ్గరికెళ్ళింది, ఆ రాష్ట్రంలో ఎప్పుడూ లేనంత. ఇందులో లిస్టు తగ్గడం వల్ల పెరిగిందెంత, జనం నిజంగా కదలడం వల్ల పెరిగిందెంత? రెండూ ఉన్నాయనే నేనంటాను, ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే బాగా ఎక్కువ శాతం వచ్చారు మరి, అది లిస్టు మాయ ఒక్కటే కాదు. కానీ శాతం ఒక్కటే చూపించి "చూశారా ఎవరికీ ఇబ్బంది కలగలేదు" అంటే మాత్రం ఒప్పుకోకు.

మన పక్క కూడా చూడు, 2024 మే 13న ఆంధ్రాకీ తెలంగాణకీ ఒకే రోజు పోలింగ్. ఇక్కడ 80 దాటింది, హైదరాబాద్ లోక్‌సభ సీట్లో 48 శాతం చిల్లర. నగరాల్లో బద్ధకం ఉంది, కాదనను, అయితే ఆ లిస్టుల్లో పేరుండి ఆ రోజు మన బస్సులెక్కినోళ్ళు ఎంతమందో కూడా అడగాలి కదా.

ప్రశ్న: రేషన్ కార్డు చూపిస్తే ఓటెయ్యనివ్వలేదు. బూత్ స్లిప్ కూడా ఉంది నా దగ్గర. ఇదేం న్యాయం?
(గజపతినగరం)

జవాబు: న్యాయం సంగతెలా ఉన్నా రూలు అదేనమ్మా. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్, ఫొటో ఉన్న పింఛను కాయితం, ఇలాంటివి ఏదో ఒకటి చాలు. రేషన్ కార్డు ఆ జాబితాలో లేదు. బూత్ స్లిప్ ఒక్కటే చూపిస్తే 2019 నుంచి చెల్లదు, అది వరస నంబరు చూసుకోడానికే.

ప్రశ్న: మా పెద్దాడు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ఓటెయ్యడానికి ఫొటో కార్డు చూపించాలంటే పెద్ద గొడవట, కోర్టులట, ఊరేగింపులట. మనం ఎప్పట్నుంచో చూపిస్తున్నాం కదండీ, అంత చదువుకున్న దేశంలో దీనికి గోలేటి?
(రిటైర్డ్ గుమాస్తా, శ్రీకాకుళం)

జవాబు: నాకూ మొదట్లో ఇదే అనుమానం. తేడా ఎక్కడుందంటే, మనకి బీఎల్వో గుమ్మంలోకొచ్చి పేరు రాసుకుంటుంది, ఓటరు కార్డు సర్కారే ఇస్తుంది, అది లేకపోయినా డజను ఇతర కార్డులు చెల్లుతాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో పేరు నమోదు చేయించుకునే బాధ్యత మనిషిదే, దేశమంతటికీ కలిపి ఒక గుర్తింపు కార్డంటూ లేదు, డ్రైవింగ్ లైసెన్సే దిక్కు. కారు లేని ముసలామె, పేదాడు ఆ కార్డు ఎక్కణ్ణించి తేవాలి? పైగా పోలింగ్ మంగళవారం, 1845లో చేసిన చట్టం, ఇప్పటికీ దేశమంతా సెలవు లేదు.

దానికి తోడు పాత గాయం ఒకటుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళని ఓటుకి రానీకుండా ఓటు పన్ను పెట్టారు, చదువు పరీక్షలు పెట్టారు, ఆ పరీక్షలో ఎవరిని పాస్ చెయ్యాలో గుమాస్తా ఇష్టం. "నీగ్రోలు ఓటెయ్యకూడదు" అని ఎక్కడా రాయలేదు చూడండి, రూలు అందరికీ ఒకటే, తగిలేది మాత్రం కొందరికి. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చాక మిసిసిపీలో లిస్టుకెక్కిన నల్లవాళ్ళు 6.7 శాతం నుంచి రెండేళ్ళలో 59.8 శాతానికి చేరారు. అంటే అంతకుముందు వాళ్ళకి ఆసక్తి లేక కాదు కదా. ఆ చట్టంలో ముఖ్యమైన ముక్కని 2013లో వాళ్ళ సుప్రీంకోర్టు పనికిరాకుండా చేసింది, అప్పట్నుంచి రాష్ట్రాలు కొత్త రూల్స్ తెస్తూనే ఉన్నాయి. మీవాడుండే టెక్సాస్ 2011లో చేసిన చట్టంలో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, కాలేజీ ఐడీ కార్డు చెల్లదు (కోర్టుల్లో నలిగాక తర్వాత కొంత సడలించారు). 2021లో జార్జియా వాళ్ళు లైన్లో నిలబడ్డోళ్ళకి బయటివాళ్ళు తిండీ నీళ్ళూ పంచకూడదని చట్టం చేశారు. మే నెల ఎండలో మన బూత్ దగ్గర మంచినీళ్ళు పెట్టకపోతే ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని ఉతికి ఆరేస్తారు, నాకు అనుభవమే.

ఇక ఆ కార్డు రూల్ వల్ల ఓటింగ్ తగ్గిందా అంటే, ఇక్కడ మీరు ఆశ్చర్యపోతారు. కాంటోనీ, పాన్స్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2008 నుంచి 2018 దాకా 160 కోట్ల రికార్డులు పెట్టి చూస్తే మొత్తం మీద తగ్గినట్టు తేలలేదు, నల్లవాళ్ళలో కూడా. దొంగ ఓట్లు తగ్గాయా అంటే అదీ లేదు! ఇటు నష్టం కనపడక, అటు లాభం కనపడక మధ్యలో కోర్టు ఖర్చులు. అయితే వాళ్ళే ఇంకోటి గమనించారు, ఆ రూల్స్ వచ్చిన చోట పార్టీల వాళ్ళు తెల్లవాళ్ళు కాని ఓటర్ల ఇళ్ళకి ఎక్కువగా తిరిగారట, తగ్గాల్సింది ఏమైనా ఉంటే ఆ తిరుగుడు వల్ల సర్దుకుని ఉండొచ్చట. అంటే కార్యకర్తల చెప్పులరిగితే శాతం నిలబడింది, పైన డిగ్రీ అమ్మాయికి చెప్పిన మాటే మళ్ళీ. శాతం నిలబడిందని చెప్పి కార్డు లేక వెనక్కెళ్ళిన ముసలామె ఓటు పడినట్టు కాదు.

మీ పెద్దాడికి అక్కడి పౌరసత్వం వచ్చేసిందా? వస్తే ఇక్కడి ఓటు పోయినట్టే. ఇండియన్ పాస్‌పోర్టే అయితే ఫారం 6ఏ పెట్టుకుని ఊళ్ళో పేరు రాయించుకోవచ్చు, కానీ ఆ రోజు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా శ్రీకాకుళం రావాలి. పైన కూకట్‌పల్లి కుర్రాడి కష్టం, కాకపోతే విమానంలో.

ప్రశ్న: మాది సాలూరు వైపు కొండ ఊరు. 2024లో మాకు సాయంత్రం 5కే ఆపేస్తామన్నారు, కింద ఊళ్ళలో 6 దాకా. కొండ దిగి రావడానికే మాకు పూట పడుతుంది. మాకో గంట ఎక్కువివ్వాలి గానీ తక్కువేటి?
(టీచర్, పేరు వద్దన్నారు)

జవాబు: మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. పాలకొండ, కురుపాం, సాలూరుకి 5, అరకు, పాడేరు, రంపచోడవరానికి 4 అని పెట్టారు. కారణం భద్రత, పొద్దుగూకేలోపు మిషన్లూ సిబ్బందీ కిందకి రావాలి. కారణం తప్పనను, కానీ దూరం ఎక్కువున్నోళ్ళకి టైం తక్కువివ్వడం అన్నది ఎలా చూసినా తిరగేసిన లెక్కే.

అయితే మీవాళ్ళకి ఒక సంగతి తప్పకుండా చెప్పండి. టైం అయ్యేసరికి లైన్లో ఉంటే చాలు, రాత్రి ఎంతైనా వెయ్యనివ్వాలి. ఒకసారి ఏజెన్సీ స్కూల్లో నాకు డ్యూటీ పడింది. టైం దగ్గరపడుతుంటే గబగబా కాయితం ముక్కలు చించి నంబర్లేసి సంతకాలు పెట్టాను, పట్టుకుని లైన్ చివరికి పరిగెత్తాను. స్లిప్పులు ఎప్పుడూ తోక దగ్గర్నుంచి మొదలెట్టాలి, ఒకటో నంబరు ఆఖరి మనిషికి, లేదంటే మీరు ముందు పంచుతుంటే వెనక కొత్తవాళ్ళు చేరిపోతారు. ఆఖర్న ఒకావిడ, చంకలో గుంటడు, చేతిలో చెప్పులు, ఊపిరి కూడా ఆడట్లేదు. ఆవిడకి ఒకటో నంబరిచ్చి వెనక కానిస్టేబుల్‌ని నిలబెట్టాను. "ఒకటో నంబరిచ్చి అందరికంటే ఆఖర్న పంపిస్తావేటి బాబూ" అని అడిగింది, అందరూ నవ్వారు. దీపాలు పెట్టాక వేసింది ఓటు. ఆవిడ ఒక్క నిమిషం ఆలస్యమైతే నేనే ఆపాల్సి వచ్చేది, ఆ ఆలోచన ఇప్పటికీ సుఖంగా ఉండదు.

ప్రశ్న: పోలింగ్ బూత్‌లో నా పేరు పక్కన "ఊళ్ళో లేరు" అని ఉందట, ఏజెంట్ వెళ్ళిపోమన్నాడు. ఇంకో విషయం, మా అమ్మకి 82, ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారా?
(నరసన్నపేట)

జవాబు: ఆ ఏజెంట్ ఎవరండీ వెళ్ళిపోమనడానికి! లేనివాళ్ళు, మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు అని బూత్‌కి ఒక వేరే లిస్టు ఇస్తారు, పేరు తీసేసినట్టు కాదది. కార్డు చూపించి, వేలిముద్ర వేసి, డిక్లరేషన్ రాసిస్తే ఓటు వెయ్యనివ్వాలి. ఒకవేళ మీ ఓటు ఇంకెవరో వేసేశారనుకోండి, టెండర్డ్ ఓటు అని కాయితం బ్యాలెట్ ఇస్తారు, అడిగి తీసుకోండి. కోర్టు చెప్తే తప్ప దాన్ని లెక్కపెట్టరు గానీ మీరొచ్చారన్న రుజువు అది.

అమ్మగారికి ఇంకో మూడేళ్ళు ఆగాలి. ముందు 80 ఉండేది, 2024లో 85 చేశారు. 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ ఉంటే మాత్రం వయసుతో పనిలేదు, ఫారం 12డి పెట్టండి, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే సుమా.

ప్రశ్న: మా తమ్ముడు చిన్న గొడవలో రిమాండ్‌లో ఉండగా ఎలక్షన్ వచ్చింది, ఓటు లేదన్నారు. శిక్షే పడలేదు కదా మేష్టారూ.
(ఓ అక్క, చీపురుపల్లి)

జవాబు: పడకపోయినా అంతేనమ్మా. 1951 చట్టం 62(5) ప్రకారం జైల్లో ఉన్నా పోలీసు కస్టడీలో ఉన్నా ఓటు లేదు, సుప్రీంకోర్టు కూడా 1997లో సరేనంది. బెయిల్ దొరికినోడు వెయ్యొచ్చు. అంటే జామీను ఇచ్చేవాళ్ళున్నోడికి ఓటుంది, లేనోడికి లేదు. జైల్లోంచి పోటీ చెయ్యడానికి మాత్రం అడ్డులేదు, 2013లో చట్టం సవరించి మరీ ఆ దారి తెరిచి ఉంచారు మన నాయకులు.

ప్రశ్న: కొటియా ఊళ్ళలో మా మేనమామ వాళ్ళకి ఆంధ్రా ఓటూ ఉంది, ఒడిశా ఓటూ ఉంది. తప్పేనా?
(సాలూరు)

జవాబు: చట్టం చూస్తే ఒక మనిషికి ఒకే చోట. కానీ ఆ ఊళ్ళు ఏ రాష్ట్రంవో తేల్చాల్సినవాళ్ళు ఇన్నేళ్ళూ తేల్చలేదు, ఇటు సాలూరు మండలం అంటారు, అటు కొరాపుట్ జిల్లా అంటారు, 2021లో మనవాళ్ళు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్ళింది. ఇద్దరూ కార్డులిచ్చారు, వీళ్ళు తీసుకున్నారు. 2024 మే 13న రెండు పక్కలా ఒకే రోజు పోలింగ్ పడింది, వేలికి సిరా ఒక్కసారే కాబట్టి ఎటు నడవాలో తేల్చుకోవాల్సి వచ్చింది. దేశమంతా జనం లిస్టులో పేరు కోసం తిరుగుతుంటే, మీ మావయ్య పేరు కోసం రెండు ప్రభుత్వాలు తిరుగుతున్నాయి. నవ్వొచ్చే మాటే గానీ రోడ్డు అడిగినప్పుడు మాత్రం ఇద్దరూ ఆ పక్కోణ్ణి అడగమంటారు, అది కూడా ఆయన్నే అడుగు.

ప్రశ్న: 1937లో బొబ్బిలి ఎలక్షన్లో మా తాతయ్య గిరి గారికి ఓటేశాడని మా నాన్న చెప్తుండేవాడు. నిజమై ఉంటుందా?
(బొబ్బిలి)

జవాబు: అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. ఎలక్షన్ మాత్రం నిజం, అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన బొబ్బిలి రాజా గారిని సొంత కోటలోనే వి.వి.గిరి గారు ఓడించారు, ఆయనే తర్వాత రాష్ట్రపతి అయ్యారు. కానీ అప్పుడు ఓటు అందరికీ లేదు. శిస్తో పన్నో కట్టాలి, ఆస్తుండాలి, లేదా చదువొచ్చి ఉండాలి, బ్రిటిష్ ఇండియా మొత్తం మీద ఓటున్నది మూడు కోట్ల పైచిలుకు మందికే. కూలి చేసుకునేవాళ్ళు వీధి చివర నిలబడి చూడ్డమే. అందుకని తాతయ్య మాట తేల్చాలంటే ఒకటే దారి, అటక మీద పాత ట్రంకు పెట్టె ఉంటే దింపి చూడండి. అందులో శిస్తు రసీదు దొరికిందా, ఒక ఫొటో తీసి నాకు పంపండి.